దుబాయ్ దోస్తు చేపలు, మా బావ చూపుడువేలు

ఇది ఒక మహాయుద్ధం కథ. శత్రువు యుగాల నాటివాడు. మనిషి నేలమీద నడవక ముందే నీళ్లలో కాపురం పెట్టినవాడు. కంటికి కనిపించడు. ఒంటినిండా మైనపు కవచం. మామూలు మందులకు లొంగడు, దేనికీ తొందరపడడు. అలాంటివాడు ఒక ఎండాకాలం సిరిసిల్ల మీద దండెత్తాడు.

ఇది చదివి మీరు సర్దుకుని కూర్చుని ఉంటే, దయచేసి మళ్లీ మామూలుగా కూర్చోండి. యుద్ధం జరిగింది మా బావ కుడిచేతి చూపుడువేలి మీద. శత్రువు కట్టిన కోట కందిగింజంత గడ్డ. చచ్చినవాళ్లు ఎవరూ లేరు.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఈ వేలు నా దాకా ఎందుకొచ్చిందో అర్థం కాదు. మాది కోరుట్ల. చదివింది బీకాం. జగిత్యాలలో ఒక కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. షాపులో తెల్లకోటు వేసుకోవాలని మా సార్ రూలు. అది వేసుకుని దిగిన ఫోటోను మా అమ్మ బీడీలు చుట్టే దగ్గర అందరికీ చూపించింది. ఆనాటి నుంచి చుట్టాలందరికీ నేను సగం డాక్టరును. ఎవరికి జ్వరం వచ్చినా నాకు ఫోన్ వస్తుంది. నేను కూడా పెద్దగా కాదనలేదు. తెల్లకోటుకు ఆ మాత్రం బరువు ఉంటుంది.

మా అక్కను సిరిసిల్లలో ఇచ్చారు. వాళ్లది నేతపని. ఇంటి ముందరి రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు ఉంటాయి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అవి నడుస్తున్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితో గొడవ పడలేరు, వినబడదు కాబట్టి. కరెంటు పోయినప్పుడు మొదలుపెడతారు.

బావ పేరున్న పనివాడు. ఆ పేరంతా వేలిదే. మగ్గానికి నిలువు పోగులన్నీ ఒక పెద్ద బీముకు చుట్టి ఉంటాయి. అది అయిపోవచ్చినప్పుడు కొత్త బీము పెట్టి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. వేలు తడి చేసుకోవాలి, రెండు కొసలు కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి తిప్పాలి, వదిలేయాలి. అతుక్కుంటుంది. బావ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చుట్టాల పెళ్లి సంగతులు మాట్లాడుతూ అతికేస్తాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్లు కూడా బీము ఎక్కగానే ఆయన్నే పిలుస్తారు.

ఆ వేలి కణుపు మీద గడ్డ లేచింది. అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, మీ బావ వేలికి గడ్డ లేసింది. జెర అచ్చి చూడరాదు."

"అక్కా, నేను కండ్లద్దాలు అమ్ముత."

"గందుకే, నీకైతె మంచిగ కనబడ్తది."

నొప్పి లేదు, చీము లేదు. కాబట్టి బావ దాన్ని లెక్కచేయలేదు. లెక్కచేసింది మా అక్క అత్తగారు, అంటే నేను అత్తమ్మా అని పిలిచే ఆమె. సాలెపురుగు ఉచ్చ పోసిందని తేల్చి పసుపూ వేపాకూ నూరి పట్టించింది. గడ్డ పచ్చగా మారింది, అంతే. తర్వాత మందుల షాపు నుంచి ఒక ట్యూబు వచ్చింది. దాంతో గడ్డకు ఎక్కడలేని బలం వచ్చింది. కొన్ని వారాలకు చేతి వెనక ఇంకొకటి, మణికట్టు దగ్గర మరొకటి లేచాయి. మూడూ ఒకే వరుసలో, జగిత్యాల నుంచి సిరిసిల్ల పోయే బస్సు ఆగే స్టేజీల్లాగా.

అప్పటికి కణుపు వాచి వేలు వంగడం మానేసింది. ఊళ్లో ఒక సర్జన్ చూసి, కోసి లోపల శుభ్రం చేయాలన్నాడు. చేశాక వేలు మునుపటిలా వంగుతుందని మాత్రం చెప్పలేనన్నాడు. వచ్చే వారానికి రమ్మన్నాడు.

బావ దీన్ని నాటకం చేశాడు. సాంచాలు అమ్ముదామన్నాడు. తనకు ఏ వాచ్‌మెన్ పనైనా చాలన్నాడు. వీడియో కాల్‌లో కట్టు కట్టిన వేలు కెమెరాకు చూపిస్తూ, "మరదలా, గీ వేలును ఆఖరి సారి చూసుకో" అన్నాడు.

"జెర దూరం పెట్టు బావా, మొత్తం తెర నిండింది. నీ మొఖం కనబడ్తలేదు. పోనీ, గట్లనే ఉంచు."

నవ్వాడు. కాల్ కట్ చేయడం మరిచిపోయి ఫోన్ పక్కన పెట్టాడు. నాకు మగ్గం కనబడుతోంది. ఆయన కట్టు వేలిని పైకెత్తి పట్టుకుని, నడిమి వేలితో పోగులు అతికి చూస్తున్నాడు. జారిపోతోంది. మళ్లీ తీసి తడి చేసి తిప్పాడు. జారిపోయింది. మళ్లీ. ఫోన్ నేనే కట్ చేశాను.

మా షాపు పక్క సందులో ఒక చర్మం డాక్టరమ్మ ఉంది. ఆమె కళ్లజోడు మర వదులైనప్పుడల్లా బిగించేది నేనే. ఆ పలుకుబడితో సర్జన్ చెప్పిన రోజు కంటే ముందే బావను జగిత్యాల రప్పించాను. అక్కా వచ్చింది. డాక్టరమ్మ మూడు గడ్డల వరుసను చూసి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది. డాక్టర్లకు ఆసక్తి కలిగితే మనకు భయం వేయాలి.

"ఏం పని చేస్తారు?"

"నేతపని మేడం."

"చేపలతో ఏమైనా పని ఉంటుందా? ఇంట్లో చేపల తొట్టి ఉందా?"

"మాకు చేపలెక్కడియి మేడం. మిరుగు కార్తె నాడు ఒక్కనాడు తింటం."

"చెరువులో దిగుతారా?"

"ఈతే రాదు."

ఆమె కొంచెం నిరాశపడినట్టు కనిపించింది. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. లోపలున్నది ఏమిటో తేలే దాకా కోత ఆపమని సర్జన్‌కు ఒక చీటీ రాసిచ్చింది.

రిపోర్టు వచ్చాక అసలు గందరగోళం మొదలైంది. ముక్కలో టీబీ జాతి క్రిములు కొన్ని కనబడ్డాయి. అక్క 'టీబీ' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. పక్కనే 'జాతి' అని ఉన్నది చూసుకోలేదు. నేను ఆదివారం సిరిసిల్ల పోయేసరికి బావకు కంచం వేరు, గ్లాసు వేరు, మంచం వేరు. ఆయన సాంచాల చప్పుడు మధ్య మాస్కు పెట్టుకుని, దేశం కోసం ఏదో త్యాగం చేసినవాడిలా కూర్చున్నాడు. అత్తమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"అత్తమ్మా, టీబీ కాదు. టీబీకి వేరే పరీక్ష చేసిర్రు, లేదని అచ్చింది. ఇది టీబీకి దూరపు చుట్టం."

"చుట్టమైతె మల్ల అస్తడు గద బిడ్డా."

చుట్టాల విషయంలో ఆమె అనుభవం నాకంటే పెద్దది.

నాకు నిజంగా కుతూహలం పుట్టింది అప్పుడే. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తినే టైములో డాక్టరమ్మ దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. ఆమె కూడా విసుక్కోలేదు. రోజంతా తామర చూసేవాళ్లకు ఇది పండగలాంటిదట.

"నువ్వు చదివింది బీకాం కదా, నీకెందుకమ్మా ఇదంతా?"

"లెక్క కుదరకపోతే అన్నం సయించదు మేడం."

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. టీబీ క్రిమిది పెద్ద వంశం. కుష్ఠు క్రిమి కూడా అందులోదే. పేరు చెడగొట్టుకున్నవి ఆ రెండు మూడే. మిగతావి వందల రకాలు మట్టిలో, చెరువులో, నల్లాలో, స్నానాల గది పైపులో ఎవరి జోలికీ పోకుండా బతికేస్తాయి. మనం రోజూ వాటిని తాగుతూనే ఉంటాం, మీద పోసుకుంటూనే ఉంటాం. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవాళ్లకో, ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి తగ్గినవాళ్లకో, లేదా చర్మం తెగిన చోట సందు దొరికితేనో లోపలికి వస్తాయి. శుభ్రంగా ఉడికించని సూది వెంట, ఆపరేషన్ సామాను వెంట కూడా వస్తాయట. ఇవి ఎక్కువగా మనిషి నుంచి మనిషికి అంటవు. మా బావ వేలిలో ఉన్నదైతే అసలు అంటదు.

"అంటే కంచం కలిపేయొచ్చా మేడం?"

"కంచం ఎవరు విడదీశారు?"

ఆ సాయంత్రమే ఫోన్ చేసి కంచం కలిపించాను. మంచం సంగతి వాళ్ల ఇష్టానికి వదిలేశాను.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ముక్కను ల్యాబులో పెంచి చూస్తే ఏమీ మొలవలేదు. కళ్ల ముందు క్రిమి ఉంది, కానీ మొలవదు. డాక్టరమ్మ దీనికి సంతోషించింది. ల్యాబులో క్రిములను పెంచే పెట్టె మన ఒంటి వేడికి సరిపెట్టి ఉంటుందట. తాను అనుమానిస్తున్న రకానికి ఆ వేడి పడదు, ఇంకొంచెం చల్లగా ఉండాలి. గుండెకూ కడుపుకూ దూరంగా, ఒంట్లో చల్లగా ఉండే వేళ్లనూ చేతులనూ పట్టుకుని ఉండిపోయేది కూడా అందుకేనట. సిరిసిల్ల ఎండల్లో చల్లటి చోటు వెతుక్కునే ప్రాణి మా బావ ఒక్కడే అనుకున్నాను, ఇంకొకటి తోడు దొరికింది.

చల్లటి పెట్టెలో పెట్టడానికి ఇంకో ముక్క పంపింది. నాతో, "అది చేపల నీళ్లలో ఉండే రకం. నీళ్లు ఎక్కడో తగులుతున్నాయి. అతను లేవంటున్నాడు. వెళ్లి చూడగలవా?" అంది.

ఆదివారం పోయాను. బోరు చూశాను. నల్లా చూశాను. నీళ్ల ట్యాంకు ఎక్కి మూత తీసి చూశాను. అత్తమ్మ నా వెంటే తిరుగుతూ, "గీ పోరి ఏం దేవులాడుతుందే?" అని అక్కను అడుగుతోంది. చివరికి విసుగొచ్చి షెడ్డులోకి పోయి, "బావా, పోగులు ఎట్ల అతుకుతవో మొదటి నుంచి చూపియ్యి. నొప్పి లేకుంట, ఉత్తగ చెయ్యి" అన్నాను.

ఆయన స్టూలు లాక్కుని మగ్గం వెనక కూర్చున్నాడు. ఎడమచేత్తో రెండు కొసలు పట్టుకున్నాడు. కుడిచెయ్యి పక్కకు చాపి, చూడనైనా చూడకుండా, వేళ్లు నీళ్లలో ముంచి తీశాడు.

ఆ నీళ్లు ఉన్నది గాజు తొట్టిలో. దాంట్లో ఎర్రచేపలు, తోక చీలిన చేపలు ఉన్నాయి. రంగు గులకరాళ్లు ఉన్నాయి, బుడగలు వదిలే ప్లాస్టిక్ శంఖం ఉంది. బావ వేలు దిగగానే చేపలు పరుగెత్తుకుంటూ వచ్చి ముద్దు పెట్టుకున్నాయి. పోయిన దసరాకు నేను ఆ తొట్టి ముందే నిలబడి సెల్ఫీ దిగాను. కళ్లద్దాల షాపులో పనిచేస్తానని చెప్పాను కదా.

"బావా, గదేంది?"

"నీళ్లు."

"నీళ్లల్ల?"

"చేపలు."

"డాక్టరమ్మ చేపలున్నయా అంటె లేవన్నవు గద?"

బావ నా వైపు జాలిగా చూశాడు. "అవి మావి కావు. మా దోస్తుగానియి. వాడు దుబాయ్ పోతూ ఇడిసిపెట్టి పోయిండు. మల్ల అచ్చినప్పుడు తీసుకుంటడు."

మా వైపు ఇందులో వింతేమీ లేదు. దుబాయ్ పోయేవాడు బండి ఒకరికి, గ్యాస్ సిలిండరు ఒకరికి, కుక్కను ఒకరికి అప్పజెప్పి పోతాడు. తీసుకున్నవాడు వాటిని కాపాడతాడు గాని తనవి అనుకోడు, అనడు. పరాయివాళ్ల వస్తువును నాదని డాక్టరు ముందు ఎలా చెబుతాడు? బావ అబద్ధం చెప్పలేదు, పక్కనున్న అక్కా చెప్పలేదు, ఇద్దరూ నిజాయితీకి పోయారు.

తొట్టి మగ్గం పక్కకు రావడం మాత్రం ఆయన సొంత తెలివి. ఎండాకాలం గాలి పొడిబారితే నూలు పుటుక్కున తెగుతుంది. అందరూ షెడ్డులో నీళ్లు చల్లుతారు, తడి గోనెసంచులు వేలాడదీస్తారు. బావ తొట్టి మూత తీసేసి మగ్గం పక్కన పెట్టాడు. గదికి తేమ, వేలికి తడి, చేపలకు కాలక్షేపం. నూలు కోసుకుపోయి వేలి మీద ఎప్పుడూ సన్నటి గాట్లు ఉంటాయి. క్రిమికి ఇంతకంటే తెరిచిన తలుపు ఎక్కడ దొరుకుతుంది?

అక్క దుబాయ్‌కి వీడియో కాల్ చేసింది. దోస్తు డ్యూటీ బస్సులో ఉన్నాడు. విషయమంతా విని మొదట అడిగింది, "చేపలు మంచిగున్నయా?" అని.

"అవి మంచిగనే ఉన్నయి, నా వేలే పోతుంది" అన్నాడు బావ.

"ఏందిరో, నా చేపలల్ల రోగమా? అవి కడిగిన ముత్యాలు. నీ వేలి నుంచే వాటికి అంటుంటది. రోజుకు ఎన్నిసార్లు ముంచినవు? నేను జూసుకోమన్న గని, అండ్ల చెయ్యి కడుక్కోమన్ననా?"

నేను చూసినంతలో బావ ఓడిపోయిన ఒకే ఒక్క వాదన అది.

ఈ సంగతి చెప్పగానే డాక్టరమ్మ బల్ల మీద చిన్నగా చరిచింది. అదే రోజు మందు మొదలుపెట్టింది. కొన్నాళ్లకు చల్లటి పెట్టెలో పెట్టిన ముక్క కూడా మొలిచింది. ఆ క్రిమి పేరుకు సముద్రానిది అని అర్థమట. మొదట సముద్రపు చేపల్లో దొరికిందట. మా బావ సముద్రం చూడలేదు. చూస్తానని ఎప్పటి నుంచో అంటున్నాడు, అదే ముందు వచ్చి చూసిపోయింది.

మందు రెండు రకాల మాత్రలు. రెండూ టీబీకి వాడేవే. ఆ ముక్క నేను ఇంట్లో చెప్పలేదు. కానీ అందులో ఒకటి వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. రెండోనాడే అత్తమ్మ ఫోన్.

"బిడ్డా, వానికి లోపలి నుంచి రంగు దిగుతుందే."

"దిగనియ్యి అత్తమ్మా. రంగు దిగితె మందు ఎక్కుతున్నట్టు."

నూలుకు రంగులు అద్దే ఊరు కాబట్టి ఆమెకు అది వెంటనే అర్థమైంది. రెండో మాత్రతో కంటికి ఎరుపూ పచ్చా తేడా తెలియకుండా పోయే అవకాశం ఉంది, చూపు చూసుకుంటూ ఉండమంది డాక్టరమ్మ. మొత్తానికి నా చదువు కాదు గాని నా ఉద్యోగం పనికొచ్చింది. చుక్కల్లో అంకెలు దాగి ఉండే బొమ్మలు చూపించి, ఏం కనబడుతుందని అడిగాను. బావ అంకె వదిలేసి, "గీ ఎరుపు మంచిగలేదు. గిసొంటి రంగు ఏస్తె సేటు చీర వాపసు పంపుతడు" అన్నాడు. చూపు బాగానే ఉందని మా సార్ రాసుకున్నాడు.

సర్జన్‌కు కోసే పని పడలేదు. కణుపులోకి ఇంకా లోతుకు దిగి ఉంటే పడేదట. మణికట్టు గడ్డ ముందు తగ్గింది, తర్వాత చేతి వెనకది. అన్నిటికంటే ముందు వచ్చిన వేలి గడ్డ అన్నిటికంటే చివర పోయింది. దుబాయ్ దోస్తు తమ్ముడు వచ్చి తొట్టి పట్టుకుపోయాడు. నీళ్లు మార్చేటప్పుడు వేసుకోమని రబ్బరు తొడుగులు మేమే కొనిచ్చాం. మగ్గం పక్కకు స్టీలు గిన్నె వచ్చింది. కాచి చల్లార్చిన నీళ్లు, రోజుకోసారి మార్చాలి. బావ మొదట్లో దాని వైపు వెలితిగా చూసేవాడట. వేలు పెడితే ఎవరూ రావడం లేదని.

వేలు వంగడానికి టైము పట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ గోరువెచ్చటి నీళ్లలో పెట్టి వంచేవాడు. మొదట సగం వంగింది. పోగు జారిపోయింది. బావ ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదని అక్క చెప్పింది. కరెంటు ఉన్నా మాట్లాడలేదు, పోయినా మాట్లాడలేదు.

మొన్న సిరిసిల్ల పోయినప్పుడు పక్క షెడ్డాయన వచ్చి, "అన్నా, బీమెక్కింది, అస్తవా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆయన వేరేవాళ్లను పిలుచుకుంటున్నాడు, మొహమాటానికి ఇటు చూడకుండా పోతున్నాడు. బావ లేచాడు. అక్క లేచింది, అత్తమ్మ లేచింది, నేనూ లేచాను. నలుగురం పోయి ఆ షెడ్డులో పెళ్లిచూపులకు వచ్చినట్టు నిలబడ్డాం.

"మీరంత గట్ల నిలబడితె నాకు చెయ్యి ఆడది" అన్నాడు బావ. ఎవరం కదల్లేదు. ఆయన రెండు కొసలు తీసుకున్నాడు, తడి చేసి తిప్పాడు, వదిలాడు. పోగు నిలిచింది. ఇంకోటి. ఇంకోటి. వేలు చివరి కొంచెం వంగదు, ఆ కొంచెం బొటనవేలు సర్దుకుంటోంది. పది పదిహేను పోగులయ్యాక ఆయన ఫోన్ మోగింది. భుజానికి ఇరికించుకుని, ఎవరిదో పెళ్లి ముహూర్తం గురించి మాట్లాడుతూ అతుకుతూనే ఉన్నాడు. అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. అక్క కూడా. నా కంట్లో షెడ్డులోని నూలు దుమ్ము పడింది.

అతకడం అయిపోయి మగ్గం నడిచిన ఆనందంలో బావ మాత్రలు ఆపేస్తానన్నాడు, గడ్డలే లేనప్పుడు ఇంకెందుకని. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాను. గడ్డలు పోయాక కూడా రెండు నెలలు వేసుకోవాలట. రంగు వచ్చే మాత్ర మాత్రం పొద్దున పరగడుపున, చాయ్‌కి ఒక గంట ముందు.